రాందేర్‌లో పాఠం వినే ఫోను

మా వైపు ఎవరైనా సూరత్ వెళ్తున్నారంటే ఎదుటివాళ్లు అడిగే ప్రశ్న ఒక్కటే: ఏ సేటు దగ్గర పని? సిరిసిల్ల చుట్టుపక్కల ఊళ్లలో సూరత్‌కు సాంచెలు నడపడానికి వెళ్లినవాళ్లు లేని వాడ ఉండదు. మరమగ్గాలను మేం సాంచెలంటాం. నేను బయల్దేరుతున్నానని తెలిసి మా బడిలో తోటి టీచర్లు చీరల రంగులు చెప్పి పంపారు. మదర్సా చూడటానికి పోతున్నానంటే ఒక్కరూ నమ్మలేదు.

నా పేరు నసీమా. మేం దూదేకులవాళ్లం, ఇంట్లో మాట్లాడేది తెలుగే. పగలు ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. సాయంత్రం మసీదు పక్క గదిలో ఆడపిల్లలకు ఖురాన్ చదవడం నేర్పుతాను. పెద్ద మదర్సాల్లో చదివిన గురువులెవరూ మా చిన్న ఊరికి రారు. వచ్చినా ఉర్దూలో చెబుతారు, మా పిల్లలకు సగం అర్థం కాదు.

ఈ మధ్య మా మసీదు కమిటీ పెద్ద సదర్ సాబ్ ఒక వీడియో చూశారు. సూరత్‌లోని ఒక ఆడపిల్లల మదర్సాలో పిల్లలు ఫోను ముందు కూర్చుని ఖురాన్ చదువుతున్నారు, అది వింటూ తప్పులు దిద్దుతోంది. పత్రికలు కృత్రిమ మేధ అని రాస్తాయి, మా ఊళ్లో ఏఐ అంటాం. సదర్ సాబ్‌కు అది తెగ నచ్చింది. "ఇంక చెప్పేటోళ్లు ఎందుకమ్మా? నాలుగు ఫోన్లు కొంటే అయిపాయె," అన్నారు. ఇమాం సాబ్ మాత్రం గడ్డం నిమురుకుంటూ, "అల్లా మాట యంత్రం దగ్గర నేర్చుకునుడేంది? ఆ ఫోను మసీదు గడప తొక్కొద్దు," అన్నారు. ఒకరి మాట గెలిస్తే నేను అక్కర్లేదు. ఇంకొకరి మాట గెలిస్తే పిల్లలకు ఉన్న ఒక్క కొత్త దారి మూసుకుపోతుంది.

"నేను పోయి చూసొస్త. అప్పటిదాక ఎవ్వరు ఏం తేల్చకుండ్రి," అన్నాను. ఆ మాట నా నోటి నుంచి అంత గట్టిగా వస్తుందని నాకే తెలియదు.

రైల్లో

వరంగల్‌లో రైలెక్కాను. నా ఎదుటి సీటులో మెట్‌పల్లి వైపు నుంచి వస్తున్న మల్లేశం అనే పెద్దాయన కూర్చున్నాడు. ముప్పై ఏళ్లుగా సూరత్‌లో సాంచెల మీదే ఉన్నాడట. ఏ స్టేషన్‌లో చాయ్ బాగుంటుందో, ఎక్కడ నీళ్లు పట్టుకోకూడదో రైలు ఆగకముందే చెప్పేవాడు. బల్లార్షా దాటాక నా సంచిలోంచి నూనె కారడం ముందు చూసిందీ ఆయనే. సూరత్‌లో దిగబోయే ఇంటివాళ్ల కోసం తీసుకెళ్తున్న మామిడికాయ తొక్కు డబ్బా మూత ఊడి, నా బట్టలన్నీ ఎర్రబడ్డాయి. ఆయన పాత పేపర్లు తెచ్చి అన్నీ తుడిచిపెట్టాడు. "పోనీ అమ్మా, సూరత్ల బట్టలకు కరువా?" అని నవ్వాడు.

ఎందుకు వెళ్తున్నానో చెబితే ఆయన మిగిలిన పేపర్లు మడతపెడుతూ విన్నాడు. "మా సేటు గూడ కొత్త మిషన్ తెచ్చిండు. పోగు తెగితే అదే చెప్తది, ఏడ తెగిందో. ముడి మాత్రం మేమే ఎయ్యాలె," అన్నాడు. భుసావల్‌లో ఇద్దరికీ అరటిపళ్లు కొన్నాడు. డబ్బులిస్తే తీసుకోలేదు.

ఉధ్నా

రైలు తపతి నది వెంట వచ్చే లైన్ మీదుగా వచ్చి సూరత్‌కు ముందే ఉధ్నాలో ఆగుతుంది. మనవాళ్లంతా అక్కడే దిగుతారు. ప్లాట్‌ఫారం మీద కరీంనగర్ యాస వినిపించి ఒక్క క్షణం రైలు ఎటు వచ్చిందో అర్థం కాలేదు. రాజేశం నన్ను తీసుకెళ్లడానికి వచ్చాడు. మా వీధిలో పుట్టి పెరిగిన పద్మశాలి పిల్లవాడు, ఇప్పుడు ఉధ్నాలో సాంచెల మేస్త్రీ. అతని భార్య లక్ష్మి చిన్నప్పుడు నా దగ్గరే తెలుగు అక్షరాలు దిద్దింది.

"అక్కా, జర చెవులు మూసుకో, ఈ గల్లీ దాటేదాక గింతే," అన్నాడు. గల్లీకి రెండు వైపులా షెడ్లే. సిరిసిల్లలో పుట్టినదాన్ని, సాంచెల చప్పుడు నాకు కొత్త కాదు. కానీ మా దగ్గర అది వాడలో వినిపిస్తుంది, ఇక్కడ నేల కాళ్ల కింద కదులుతుంది. షెడ్ల బయట గోడకు ఆనుకుని రాత్రి పాళీ ముగించిన మగవాళ్లు చాయ్ తాగుతున్నారు. అందరి జుట్టు మీదా తెల్లటి నూగు. ఒకతను నన్ను చూసి తెలుగులో, "టీచరమ్మా, ఊళ్ల వానలు పడ్డయా?" అని అడిగాడు. నేనెవరో రాజేశం ముందే చాటింపు వేశాడన్నమాట.

నవాగామ్

వాళ్లుండేది నవాగామ్‌లో, ఒకే వరండాకు వరుసగా ఉన్న అద్దె గదుల్లో ఒక గది. లక్ష్మి నన్ను చూడగానే సంచి లాక్కుని, నూనె మరకల బట్టలన్నీ బకెట్‌లో నానబెట్టింది. తర్వాత గదిలో ఒక మూల కడిగి, ఉతికిన చీర మడతపెట్టి పరిచింది. "అక్కా, నమాజుకు ఇది సరిపోతదా? పడమర గిటు," అని చేయి చూపించింది. ఆ గోడకు దేవుడి పటాలున్నాయి. నేను నమాజుకు నిలబడేలోపు వాటిని తీసి రెండో గోడకు తగిలించింది. నేను వద్దంటున్నా వినలేదు. "ఎవ్వరి దిక్కు వాళ్లకు ఉండనియ్," అంది.

వాళ్ల కూతురు శ్రావణి అక్కడే పుట్టి పెరిగింది, కాలేజీలో కంప్యూటర్లు చదువుతోంది. తెలుగులో మొదలుపెట్టి హిందీలో నడిచి గుజరాతీలో ముగిస్తుంది. "పెద్దమ్మా, లోచో తింటవా? ఏక్‌దమ్ సరస్ ఉంటది!" అంటూ పొద్దున్నే కాగితం ప్లేటులో పట్టుకొచ్చింది. శనగపిండితో ఆవిరి మీద ఉడికించి, ఆకారం కుదరక విడిపోయినట్టు ఉండే పలహారం. పైన నూనె, సన్న కారప్పూస, పచ్చి ఉల్లిపాయ. మా ఊళ్లో ఒక ప్లేటు మిర్చికి ఇచ్చే ధరకే ఇంటిల్లిపాదికీ వచ్చింది. కాకపోతే వీళ్ల పచ్చడి కూడా తియ్యగానే ఉంటుంది. లక్ష్మి దాని మీద మా తొక్కు వేసుకుని తింటోంది. అన్నేళ్లు ఉన్నా నాలుక మారలేదట.

రాందేర్ దారి

నేను చూడాల్సిన మదర్సా తపతి నదికి అవతల, రాందేర్‌లో ఉంది. మొదటి రోజు బస్సు తప్పు ఎక్కాను. గుజరాతీ అక్షరాలు హిందీ అక్షరాల్లాగే ఉంటాయి, పైన గీత మాత్రం ఉండదు. ఆ ధైర్యంతో కూడబలుక్కుని చదివి, నదికి ఇవతలే ఎక్కడో దిగాను. కూరల సంచితో నిలబడిన ఒకావిడను అడిగితే, "అరే మాసీ, ఏ తో ఊంధూ!" అని తల పట్టుకుంది. నేను పూర్తిగా ఎదురు దిక్కుకు వచ్చానట. తన బస్సు వదులుకుని మరీ నన్ను సరైన బస్సెక్కించి, కండక్టర్‌కు అప్పగించింది. ఊరుగాని ఊళ్లో పిన్నిని అయిపోయాను.

రాందేర్ వేరే ఊరులా ఉంటుంది. చెక్కడపు చెక్క ముఖద్వారాలున్న పాత ఇళ్లు, ఇరుకు సందులు, సందుకో మసీదు. పాతకాలంలో ఇక్కడివాళ్లు బర్మా దాకా వ్యాపారానికి వెళ్లేవారట. సందు మొదట్లో చిన్న పూరీల మీద బంగాళదుంప కూర, పుల్లటి చట్నీ వేసి అమ్ముతున్నారు. మదర్సాకు ఆలస్యమైందని తెలిసినా ఆగాను. ఆకలితో వెళ్లి ఏదీ సరిగా చూడలేనని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

ఎర్రబడ్డ అక్షరం

మదర్సాలో పెద్ద టీచర్ ఆయెషా ఆపా, ఆపా అంటే అక్క. నలభై దాటి ఉంటాయి, సన్నగా, నిటారుగా నడుస్తుంది. ఆమెకు నా తెలుగు రాదు, నాకు ఆమె గుజరాతీ రాదు. ఇద్దరం హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడుకున్నాం. ఆ మాటలే ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

పొడవాటి హాలులో చాపల మీద ఆడపిల్లలు దూరదూరంగా కూర్చుని, ఒక్కొక్కరి ముందూ చిన్న పీట మీద ఫోను పెట్టుకుని చదువుతున్నారు. తెర మీద ఖురాన్ పేజీ ఉంటుంది. సరిగా చదివిన మాట పచ్చగా అవుతుంది, తప్పితే ఎర్రగా. పిల్ల ఆగి మళ్లీ చదువుతుంది. "ఒక్కొక్కరి పాఠం నేను వినాలంటే సాయంత్రం అయిపోయేది. చివరి పిల్ల వంతు వచ్చేసరికి నా చెవులు పనిచేసేవి కావు. ఇప్పుడు నా దగ్గరికి వచ్చేసరికే సగం తప్పులు పోతున్నాయి," అంది ఆపా.

"నేనొకసారి చదవనా?" అన్నాను. ఎన్నేళ్లుగానో రోజూ చదివే మొదటి సూరాయే, ఖురాన్‌లో మొదటి అధ్యాయం. ధీమాగా మొదలుపెట్టాను. మూడో మాటే ఎర్రబడింది. మళ్లీ చదివాను, మళ్లీ ఎరుపే. పక్కనున్న పిల్లలు నోళ్లకు దుపట్టాలు అడ్డం పెట్టుకున్నారు.

తప్పు "హ" దగ్గర ఉంది. అరబ్బీలో రెండు "హ"లు ఉన్నాయి. ఒకటి మన తెలుగు హకారం లాంటిదే, రెండోది గొంతు మధ్యలోంచి రావాలి. నాకు తెలిసినది ఒక్కటే. అయినా ఆపా నవ్వలేదు, నా ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"చలికాలం పొద్దున అద్దం మీద ఊదితే ఆవిరి పడుతుంది కదా, ఆ గాలి ఎక్కడి నుంచి వస్తుందో అక్కడి నుంచి. పెదవులతో పని లేదు."

ఊదాను. దగ్గొచ్చింది. మళ్లీ ఊదాను. ఈ అక్షరం పలకకుండా సూరత్ వదిలేది లేదని అక్కడే అనుకున్నాను. ఆ రోజు నుంచి బస్సులో, లక్ష్మి వరండాలో, బట్టలు ఆరేస్తూ కూడా ఊదుతూనే ఉన్నాను. పక్క గది ఒడియా ఆవిడ నాకు ఆయాసం అనుకుని అల్లం తెచ్చిచ్చింది.

సుమయ్యా

హాలు చివర కిటికీ దగ్గర ఒక పిల్ల ఫోను ముందు కూర్చుంది కానీ చదవడం లేదు. పేరు సుమయ్యా, పన్నెండేళ్లుంటాయి. తండ్రి రంగుల మిల్లులో పనిచేస్తాడు. ఆ పిల్లకు నత్తి.

"చివరి భాగమంతా కంఠతా వచ్చు. నేను విన్నాను. కానీ మాట పట్టుకుపోతుంది, మొదటి అక్షరం రెండుమూడుసార్లు వస్తుంది. ఫోను దాన్ని తప్పుగా లెక్కేస్తుంది. ఎర్రబడగానే ఈమెకు భయం, భయంతో నత్తి ఇంకా ఎక్కువ," అని ఆపా మెల్లగా చెప్పింది.

ఇంతవరకైతే ఓపికతో సరిపోయేది. కానీ ఆ ఏడు నుంచి, ఖురాన్ మొత్తం కంఠతా పట్టే హిఫ్జ్ తరగతికి ఫోను ఇచ్చిన మార్కులతోనే పిల్లలను ఎంపిక చేయాలని మదర్సా తీర్మానించింది. నేనున్న వారంలోనే ఎంపిక. రెండుసార్లు ప్రయత్నించినా సుమయ్యాకు మార్కులు రాలేదు. కూతుర్ని కుట్టు నేర్పే చోట చేరుస్తానని తండ్రి అంటున్నాడు.

"నేను వదలను," అంది ఆపా. ఎవరితోనో పోట్లాడుతున్నట్టు కాదు, వంట సంగతి చెబుతున్నంత మామూలుగా అంది.

మౌలానా సాబ్ మాట

మదర్సా పెద్ద మౌలానా సాబ్ ఆఫీసు గదిలో ఆపాను, నన్ను కూర్చోబెట్టి, ఫ్లాస్కులోంచి చాయ్ తానే పోశారు. అరవై దాటిన మనిషి. మార్కుల నియమం పెట్టింది ఆయనే. ఆయన మీద కోపంతో లోపలికి వెళ్లిన నేను, మాటలు విన్నాక ఆ కోపాన్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కూర్చున్నాను.

"ఫోను ఎందుకు తెచ్చానో తెలుసా బేటీ? ప్రతి ఏడూ గొడవే. ఫలానా టీచర్ తన అక్క కూతుర్ని పాస్ చేసిందని ఒకరు, డబ్బున్నవాళ్ల పిల్లల్నే తీసుకున్నారని ఒకరు. అందులో కొన్ని నిజాలు కూడా. ఫోనుకు ఎవరి తండ్రీ తెలియదు. అందుకే తెచ్చాను."

ఆపా తల వంచుకునే జవాబు చెప్పింది. "నిజమే మౌలానా సాబ్. ఎవరి తండ్రీ తెలియదు. ఈ పిల్లకు నత్తి ఉందని కూడా తెలియదు. తడబడుతూ కష్టపడి చదివేవాళ్లకు రెట్టింపు పుణ్యమని మీరే కదా మాకు చెప్పారు? మరి వాళ్లనే మనం బయటికి పంపితే ఎలా?"

ఆయన గ్లాసు కింద పెట్టారు. తర్వాత నా వైపు తిరిగారు. "మీరు ఏ ఊరు?"

చెప్పాను.

"ఇక్కడ ఎవరైనా బంధువులున్నారా? ఈ పిల్లల్లో ఎవరి తండ్రైనా తెలుసా?"

"ఎవరూ తెలియరు."

"అయితే మీరు కూడా వినండి. ఆయెషా, మీరు, నేను. ముగ్గురం ఒకటే మాట అంటే తీసుకుందాం."

"నా హ ఇంకా సరిగా రావట్లేదు, మౌలానా సాబ్," అన్నాను.

ఆయన మొదటిసారి నవ్వారు. "పలకడం వేరు, వినడం వేరు. పుస్తకం ముందు పెట్టుకుని వినండి. మూడు రోజులు టైముంది కదా, మీ హ కూడా వస్తుంది."

అందమైన అబద్ధం

సూరత్‌లో నాకు ఇంకొక పని ఉంది. పిల్లలకు అర్థం చెప్పే పాఠాలు తెలుగులో కావాలి. ఆ సాయంత్రం నవాగామ్‌లో శ్రావణి తన ఫోనులో ఏఐని తెరిచి ఇచ్చింది. పొరుగువాళ్ల హక్కుల గురించి చిన్నపిల్లలకు తెలుగులో ఒక ఇస్లామీ పాఠం రాయమని అడిగాను.

చాయ్ పొంగేలోపు రాసేసింది. చక్కటి తెలుగు. మధ్యలో ప్రవక్త కాలంలో జరిగినదంటూ ఒక కథ: ఒక ముసలమ్మ, ఆమె తప్పిపోయిన మేకపిల్ల, దాన్ని వానలో వెతికి తెచ్చిన పక్కింటాయన. పైకి చదివి వినిపించాను. లక్ష్మి రొట్టె కాల్చడం ఆపి కళ్లు తుడుచుకుంది. "ఎంత మంచిగున్నదక్కా! మా పోరికి గూడ పంపియ్," అంది. నా పని సగం అయిపోయిందనుకుని ఆ పూట సంతోషంగా రెండు రొట్టెలు ఎక్కువ తిన్నాను.

మర్నాడు దాన్ని మౌలానా సాబ్‌కు ఉర్దూలో చెప్పాను. ఆయన రెండుసార్లు చెప్పించుకున్నారు. "ఈ మేకపిల్ల ఎక్కడిది? నేను ఏ కితాబులోనూ చదవలేదు," అన్నారు. అక్కడికక్కడే ఏఐని అడిగితే ప్రవక్త మాటలను కూర్చిన ఒక హదీసు గ్రంథం పేరు, అందులో అంకె కూడా చెప్పింది. ఆయన లేచి అలమరలోంచి ఆ గ్రంథం తీసి పేజీ తిప్పారు. ఆ అంకె దగ్గర ఉన్నది ప్రయాణంలో నమాజు సంగతి. మేకపిల్ల లేదు, ముసలమ్మ లేదు.

"కథ వికారంగా ఉంటే భయం లేదు బేటీ. బాగుంది, అదే భయం. ప్రవక్త చెప్పని మాట చెప్పారని పిల్లల నోట్లో పెడితే దాన్ని ఎవరు వెనక్కి తీస్తారు?"

గదిలోంచి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. మా ఇమాం సాబ్ చెప్పిందే నిజమని ఒప్పుకుని ఊరికి పోవడమా? కాసేపు అలాగే అనిపించింది. తర్వాత లేచి మళ్లీ లోపలికి వెళ్లి అడిగాను. "కథ దాన్ని అడగకుండా, మనమే కితాబులోంచి తీసి ఇస్తే? దీన్ని తేలిక తెలుగులోకి మార్చు, ఒక్క మాట కూడా కలపకు అంటే? చేశాక తెలిసిన పెద్దాయన ఒకరు ప్రతి మాటా చూస్తే?"

"చూసే పెద్దాయన ఉంటే," అన్నారు మౌలానా సాబ్. "లేకుంటే వద్దు."

ఆ సాయంత్రం ఆయన ఎంచి ఇచ్చిన భాగాలతో మొదలుపెట్టాను. వద్దన్నా అది ఒక్కోసారి ఒక వాక్యం కలిపేది. నేను కొట్టేసేదాన్ని. మళ్లీ ఇచ్చేదాన్ని. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దిన చేయి, అలసిపోలేదు.

డుమస్

ఆదివారం రాజేశం కుటుంబమంతా డుమస్ బయల్దేరారు, నన్నూ లాక్కెళ్లారు. నల్లటి ఇసుక, బూడిదరంగు సముద్రం, ఒంటెలు, గుర్రాలు, బండ్ల మీద టమాటా భజియా. చక్రాల్లా కోసిన టమాటాల మీద పచ్చ చట్నీ రాసి, శనగపిండిలో ముంచి వేయిస్తారు. మొదటి ముక్కకే నాలుక కాలింది. ఆ తర్వాత కాసేపు నా ఏ అక్షరమూ సరిగా పలకలేదు.

శ్రావణి నా పక్కన కూర్చుని, "పెద్దమ్మా, ఆ పిల్లల అవాజ్ ఏడికి పోతది? ఫోన్లనే ఉంటదా, కంపెనీకి పోతదా? పూఛా క్యా, అడిగినవా?" అని అడిగింది. నేను అడగనే లేదు. మర్నాడే వెళ్లి ఆపాను అడిగాను. రికార్డులు దాచకుండా సెట్టింగు ఆపించామని, పిల్లల పేర్లు ఎక్కడా ఇవ్వలేదని చెప్పింది. కానీ తల్లులను అడిగారా అన్నాను. "అది చెయ్యలేదు. చెయ్యాలి," అంది. ఆ వారమే తల్లులను పిలిచి అడిగింది.

సాయంత్రపు అసర్ నమాజు వేళ నేను దుపట్టా పరిచి నిలబడ్డాను. మా ఊళ్లో పడమర అంటే మసీదు గోడ. ఇక్కడ గోడ లేదు, నీళ్లే. ఎవరికీ వినబడకుండా చదవాల్సిన నమాజు, పెదవుల మధ్యే చదువుకున్నాను. గొంతు మధ్యలోంచి ఆ అక్షరం దానంతటదే వచ్చింది. ఫోను లేదు, ఆపా లేదు. వచ్చిందని నాకే తెలిసింది.

విన్న రోజు

ఆడపిల్లల హాలు కాబట్టి ఎంపిక రోజు తెర కట్టారు. మౌలానా సాబ్ తెరకు అవతల కూర్చున్నారు. ఇవతల ఆపా, నేను, మా ముందు సుమయ్యా. నా ఒళ్లో ఖురాన్ తెరిచి ఉంది. ఆ పిల్ల చేతులు మోకాళ్ల మీద బిగుసుకుపోయి ఉన్నాయి.

"మొదలుపెట్టు బేటీ. నాకు వేరే పని లేదు," అన్నారు తెర అవతల నుంచి.

మొదటి మాటే పట్టుకుపోయింది. పెదవులు కదులుతున్నాయి, మాట రావడం లేదు. సందులో పాత సామాన్లు కొనేవాడు అరుచుకుంటూ వెళ్లాడు. ఆ మాట నా ముందున్న పుస్తకంలో ఉంది, నేను అందించగలను. పళ్లు బిగించి ఆగాను. ఆపా కూడా కదల్లేదు. అప్పుడు వచ్చింది ఆ మాట, దాని వెనక రెండోది, మూడోది. కొన్నిచోట్ల నీళ్లలా పోయింది, కొన్నిచోట్ల మళ్లీ ఆగింది. ఆగిన ప్రతిసారీ పిల్ల తనే తోసుకుని బయటపడింది. మధ్యలో కళ్లనీళ్లు కారాయి కానీ చదవడం ఆపలేదు. సూరా చివరికి వచ్చేసరికి గొంతు పెరిగింది.

ముగిశాక తెర వైపు తిరిగాం.

"ఒక తప్పు ఉంది," అన్నారు మౌలానా సాబ్.

ఆపా ముఖం వాడిపోయింది.

"నత్తి తప్పు కాదు. ఆగడం తప్పు కాదు. మధ్యలో ఒకచోట దీర్ఘం లాగలేదు. ఆ వాక్యం మళ్లీ చదువు."

సుమయ్యా మళ్లీ చదివింది. దీర్ఘం లాగింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది. ఆయెషా, నువ్వేమంటావు?"

"తీసుకోవాలి."

"తెలుగు టీచర్ గారూ?"

"తీసుకోవాలి," అన్నాను.

"అయితే తీసుకున్నాం. ఇకపై ఫోను సాధనకే, ఎంపికకు మనుషులు ముగ్గురు, అందులో ఒకరు బయటివారు. కమిటీకి నేనే చెప్తాను. వెంటనే ఒప్పుకుంటారని మాత్రం అనను."

ఆపా ఆ పిల్లను దగ్గరికి తీసుకుని, "ఇంక ఆ ఫోను ముందు కూర్చోనక్కర్లేదు నువ్వు," అంది.

సుమయ్యా తల అడ్డంగా ఊపింది. మాట కోసం కాసేపు పెనుగులాడి, "నాకు ఫోను కావాలి ఆపా," అంది. "అది న... నవ్వదు. ఎన్నిసార్లు చదివినా విసుక్కోదు. మార్కులు మాత్రం దాన్ని వెయ్యనివ్వకండి."

ఆపా, నేను ముఖాలు చూసుకున్నాం. మేమిద్దరం వారమంతా ఈ పిల్లను ఫోను నుంచి కాపాడుతున్నామనుకున్నాం. ఏది కావాలో, ఏది వద్దో ఆ పిల్లకు మాకంటే బాగా తెలుసు. ఆ మధ్యాహ్నం ఆపా ఇంట్లో కొబ్బరిపాల పులుసులో సేమ్యాలాంటి నూడుల్స్ వేసిన ఖావ్‌సా పెట్టారు, బర్మా నుంచి వచ్చిన వంట. సుమయ్యా తండ్రి మిఠాయి పొట్లం ఇచ్చి, లోపలికి రమ్మన్నా రాకుండా పనికి వెళ్లిపోయాడు.

ఇంటికి

తిరిగి వచ్చాక మసీదు కమిటీ ముందు కూర్చున్నాను. సదర్ సాబ్ నేరుగా అడిగారు. "చెప్పమ్మా, ఫోనా, టీచరా?"

"రెండూ కావాలె. పిల్లలు ఫోనుల చదువుకుంట సాధన చేస్తరు. పాఠం నేనే వింట. మతం మసలా, సందేహం ఏదన్న అడగాలంటె ఇమాం సాబ్‌నే అడుగుతరు, ఫోన్‌ను అడగరు. తల్లులు ఒప్పుకుంటెనే పిల్లల ముందట పెడ్త."

"ఇన్ని షరతులైతె ఫోన్ ఎందుకు మరి?"

"నా హ సరిగ లేదని మన ఊళ్లె నాకెవ్వరు చెప్పలే. అది చెప్పింది," అన్నాను. మొదటి సూరా అక్కడే చదివి వినిపించాను. ఇమాం సాబ్ తలెత్తి చూశారు. ఒక ఫోను కొందాం, నడుపుదాం, చూద్దాం అన్నారు సదర్ సాబ్.

రెండో రోజు తెలుగులోకి తెచ్చిన పొరుగువాళ్ల పాఠాన్ని, అసలు ఉర్దూ భాగంతో సహా ఇమాం సాబ్ ముందు పెట్టాను. ఎలా తయారైందో దాచకుండా చెప్పాను. మేకపిల్ల సంగతి కూడా చెప్పాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని వేలు పెట్టి ఒక్కో వాక్యం సరిచూశారు. ఒక మాట కొట్టేసి వేరే మాట రాశారు. ఇంకోచోట, "గిది కితాబుల లేదు," అని గీత గీశారు. నా కంటికి చిక్కని వాక్యం అది. చివరికి కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

"పిల్లలకియ్యాలె ఇమాం సాబ్, అది నాకు కావాలె," అన్నాను.

"ఇస్త. జుమ్మా కానియ్," అన్నారు.

శుక్రవారం నేను పక్క గదిలో పిల్లలతో ఉన్నాను. మైకులో ఇమాం సాబ్ గొంతు వినిపించింది. ప్రతి జుమ్మాకూ చెప్పే ఉర్దూ ప్రసంగం కాదు. కాగితం చప్పుడు, ఒక దగ్గు, ఆ తర్వాత తెలుగు. పక్కింటివాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినేవాడి సంగతి, నెమ్మదిగా, ఒక్కో మాటా ఆపి ఆపి చదువుతున్నారు. మసీదు లోపల మామూలుగా వినిపించే గుసగుసలు ఆగిపోయాయి.

మా గదిలో చదువుతున్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు పుస్తకాల మీద నుంచి తలలెత్తారు. అందరికంటే చిన్నది రేష్మా నా కొంగు పట్టుకుని లాగింది.

"టీచర్, ఇమాం సాబ్ చెప్పేది మొత్తం సమజైతున్నది!"